కట్టు గీత

భయపెట్టడం తనకు చేతకాదు, అదీ అసలు చిక్కు, ఇన్నేళ్లుగా తనకు కూడు పెట్టిన పని దానికి సరిగ్గా ఎదురు పని అనుకుంటూ వనిత అబిడ్స్ జీపీవో ముందు రోడ్డు దాటబోయి మధ్యలో ఆగిపోయింది, ఆటోవాడు బ్రేకు వేసి ఏదో అన్నాడు, అననీ, పొద్దున్నుంచి ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. సర్జన్ సోమయాజులు గంట టైమిచ్చాడు. మాట దాచుకోవడం తెలియని మనిషి ఆయన, అయినా కారిడార్లో ఆమెను గోడ పక్కకు తీసుకెళ్లి మెల్లగానే చెప్పాడు, ఇవాళ మోకాలి కింద తీస్తే సరిపోతుంది, రేపటికి తొడ దాకా పోవాల్సి వస్తుంది, ఆ తర్వాత సంగతి నన్నడగొద్దు, మీ నాన్న నా మాట వినడం లేదు, నీ మాటైతే వింటాడు, గంటలో థియేటర్ ఖాళీ అవుతుంది, ఈలోపల తేల్చమ్మా అని. సరే సార్ అని తలూపి ఆమె వార్డు వైపు పోవాల్సింది పోయి మెట్లు దిగింది, సందులోంచి బయటపడింది, ఎటు పోతున్నదో చూసుకోకుండా నాంపల్లి స్టేషన్ రోడ్డు పట్టింది. పైన మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, నాయిన నిమ్మళంగా పడుకొని ఉన్నాడు. ఆ నిమ్మళమే కొంప ముంచుతోంది. షుగరుతో కుళ్లిన పాదం, పిక్క మీదుగా పైకి పాకుతున్న విషం, కాలు తీసేస్తే మనిషి దక్కుతాడు, తీయకపోతే దక్కడు, ఇందులో ఆలోచించడానికి ఏముంది? కానీ నాయిన బాలమల్లు ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయనంటే వేయనంటున్నాడు. దిగింది గద సారూ, నా బిడ్డ దింపింది, ఇగ కోసుడెందుకు అని సోమయాజులు మొహం మీదే నవ్వాడట. దింపింది తనే మరి. తన మాటతో, తన చేత్తో దింపింది, ఎవర్ని అనాలి ఇప్పుడు?

వనిత మత్తు డాక్టరు. కోసేవాళ్ల పేర్లు బోర్డుల మీద ఉంటాయి, మత్తు డాక్టర్ని లేచాక పేషెంటు గుర్తు కూడా పట్టడు. అయినా అబిడ్స్ నుంచి కాచిగూడ దాకా చిన్నాపెద్దా ఆస్పత్రుల్లో ఆమెకు ఒక పేరుంది, ఆ అమ్మ మాట పెడితే సగం మందు చాలు అని. ఆమె ఉన్న థియేటర్లో నర్సులు కొన్ని మాటలు నోట్లోంచి రానివ్వరు. గుచ్చుతున్నా అనొద్దు, నొప్పి అనే మాటైతే గడప కూడా దాటొద్దు. భయపడకు అన్నా తప్పే, ఆ మాట వినగానే అప్పటిదాకా లేని భయాన్ని కూడా మనిషి వెతికి తెచ్చుకుంటాడు. ఆమె అయితే ఇట్లా చెప్తుంది, నడుం మీద చల్లగా తగులుతుంది, తర్వాత కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి, పొద్దంతా నాట్లు వేసొచ్చి అరుగు మీద కాళ్లు చాపినట్టు, అంతే. ఒకసారి బీడీలు చుట్టే ఆడమనిషి బల్ల మీద గజగజ వణుకుతుంటే, ఆకు ఎట్లా కత్తిరిస్తవో నాకు నేర్పక్కా అని అడిగింది వనిత, ఆమె ముందు నవ్వింది, తర్వాత గాలిలోనే తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, అంచు మడిచి, దారం కట్టింది, మళ్లీ ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి, ఆ సందున బిడ్డ పుట్టి ఏడ్చింది. మెదక్ నుంచి వచ్చిన నర్సు జెర్లిన్ ఇవన్నీ చెవులు రిక్కించుకొని నేర్చుకుంది, ఈ విద్య ఎక్కడ చదివిన్రు మేడం అని అడిగింది కూడా. ఏదో కాన్ఫరెన్సులో అని తప్పించుకుంది వనిత. సిగ్గా అంటే సిగ్గే. తేలు మంత్రగాడి బిడ్డనని చెప్పడానికి మెడిసిన్ సీటు వచ్చిన నాటి నుంచి నోరు రాలేదు.

చిరాగ్ అలీ లేన్ మలుపులో ఫోన్ల దుకాణాలవాళ్లు రండి మేడం, గ్లాస్ వేస్తాం మేడం అని పిలుస్తున్నారు, ఒక్కొక్క దుకాణం ఒక్కొక్క పాట, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి చెవుల్లో తుప్పు రాలుతోంది, ఆ గోలలో కూడా ఆమెకు వినబడుతున్నది నాయిన గొంతే. చేర్యాల పక్క ఊళ్లో వాళ్ల ఇంటి ముందుకు మనుషుల్ని ఎత్తుకొచ్చేవాళ్లు, పల్లికాయ కుప్ప కదిలించినవాళ్లను, గడ్డివాములో చెయ్యి పెట్టినవాళ్లను. తేలు అనే మాట ఆ వాకిట్లో ఎవరూ అనకూడదు, పురుగు ముట్టింది అనాలి. ఏడుస్తున్న ఆడవాళ్లను నాయిన ముందు దూరం పంపేవాడు. వేపమండ విరిచి పట్టుకొని, ఎదురుగా కూచొని, ఎక్కడి దాక ఎక్కింది అని అడిగేవాడు, అదీ తొందర లేకుండా, మీ ఊర్ల వానలు పడ్డయా అని అడిగినట్టు. భుజం దాక ఎక్కింది బాలమల్లూ అనేవాళ్లు. పైన ఒక గుడ్డపేలికతో కట్టు కట్టేవాడు, ఇగ దీన్ని దాటదు అని చెప్పేవాడు, మండతో పైనుంచి కిందికి దులిపేవాడు. ఇప్పుడు? మోచేతి కాడుంది. ఇప్పుడు? మణికట్టుకొచ్చింది. ఇప్పుడు? వేలు కొసకొచ్చింది. పోతున్నది, పోతున్నది, పోయింది, పో. రూపాయి ముట్టేవాడు కాదు, వాళ్లింట్లో నీళ్లు కూడా తాగేవాడు కాదు. వనిత గడపలో కూచొని చూసేది. పెదవులు కదిలేవి గానీ లోపల మంత్రం ఉందో లేదో ఇవాళ్టికీ తెలియదు. ఒకసారి అడిగితే, మంత్రం ఉంటేంది లేకుంటేంది, ఆడు నా కండ్లలకు సూడాలె, గంతే అన్నాడు.

కండ్లలోకి చూడాలి. మొన్న డ్రెస్సింగ్ మారుస్తున్నప్పుడు నాయిన చూడకూడనిది చూశాడు. నల్లబడ్డ వేళ్లు, బొగ్గులాంటివి. ఎవరివో అన్నట్టు వాటిని చూశాడు, తర్వాత తనవే అని తెలిసింది, ఆ క్షణం ఆయన మొహంలో వచ్చిన దాన్ని వనిత తన జన్మలో ఆ మొహం మీద చూడలేదు. ఒళ్లంతా వణుకు, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం కమ్మిని పట్టుకున్న చెయ్యి వదలడం లేదు, బీపీ ఎక్కడికో పోయింది. బిడ్డా, ఎక్కుతున్నది, మోకాలి దాక ఎక్కుతున్నది అన్నాడు. అప్పుడు ఆమె డాక్టరూ కాదు, ఎవరూ కాదు. మంచం అంచున కూచుంది, కండ్లలోకి చూసింది, కాలి మీద చెయ్యి ఆనించీ ఆనించకుండా పైనుంచి కిందికి దులిపింది. ఎక్కడి దాక ఎక్కింది నాయినా? ఇప్పుడు? పిక్క కాడికొచ్చింది. ఇప్పుడు? మడిమె కాడ. ఆయన చెయ్యి కమ్మిని వదిలింది, రెప్పలు వాలాయి, గుర్రు పెట్టాడు. జెర్లిన్ గోడకు తిరిగి కళ్లు తుడుచుకుంది. చెప్పుకుంటే సిగ్గు గానీ వనితకు ఆ సమయంలో గర్వంగా ఉంది, తండ్రి విద్య తండ్రికే అప్పజెప్పానని పొంగిపోయింది. సాయంత్రం సోమయాజులు వచ్చి పిక్క మీద ఎరుపు ఎంతవరకు ఉందో అక్కడ నీలం పెన్నుతో చుట్టూ గీత గీశాడు. ఎవరికైనా అలాగే గీస్తారు, పొద్దున చూస్తే ఎరుపు దాటిందో లేదో తెలుస్తుందని. నాయిన లేచి ఆ గీతను చూసుకొని మొహం ఇంత చేసుకున్నాడు. కట్టు కట్టిండా సారు? మీల గూడ ఇది తెలిసినోళ్లున్నరా? అని అడిగాడు. కాదు నాయినా అనడానికి ఎంతసేపు? ఆమె ఔ అన్నది. ఔ నాయినా, కట్టే, ఇగ దాటదు అన్నది. తెల్లారేసరికి ఎరుపు గీతకు బెత్తెడు పైన ఉంది. ఆమె దుప్పటి కప్పింది.

స్టేషన్ ఎదురు ఇరానీ హోటల్లో ఎప్పుడు కూచుందో, చాయ్ ఎవరు పెట్టారో, పైన మీగడ కట్టి ముడుచుకుంది. మెట్రో రైలు పైనుంచి పోతే కప్పు సాసర్లో సన్నగా వణికింది. నాయిన మీద కోపం వస్తోంది, ఉత్త కోపం కాదు, మండుతోంది. నువ్వు కూడానా? ఊరంతటినీ నమ్మించినవాడివి, ఈ ఆట లోపలి కిటుకు తెలిసినవాడివి, నువ్వెట్లా నమ్మావు? రాణి సంగతి మరిచిపోయావా? రాణి రాళ్లు కొట్టే మేస్త్రీ కూతురు, పెద్దవాళ్లు ఏం చెప్తే అది, అంత మంచి పిల్ల. ఎర్ర తేలు కుట్టింది. నాయిన మండ పట్టుకొని ఇప్పుడు ఎక్కడుంది బిడ్డా అని అడిగినప్పుడల్లా దిగింది తాతా, దిగింది తాతా అన్నది, నుదుటి మీద చెమటలు కారుతున్నా, నోట్లోంచి నురగ వస్తున్నా దిగింది తాతా అనే అన్నది. తాతకు కష్టం కలిగించడం ఇష్టం లేక అన్నది. సిద్దిపేట దవాఖాన చేరకముందే పోయింది. ఆ తర్వాత నాయిన మండ ముట్టలేదు, ఎవరొచ్చినా దవాఖానకు పోన్రి అని చేతులు జోడించేవాడు, నాలుగు మాటలాడే చోట ఒక్క మాటతో సరిపెట్టే మనిషి అయ్యాడు. అందుకే బిడ్డను డాక్టరు చదివించాడని చుట్టాలు కథలు చెప్తారు, అదంతా ఉత్తదే, మార్కులొచ్చాయి, చదివించాడు. కానీ దిగింది అనే మాటకు ఎంత విలువుందో ఆయనకంటే తెలిసినవాడు ఈ భూమ్మీద లేడు. అంటే మొన్న మడిమె కాడికొచ్చింది అన్నది తన కోసమా? బిడ్డ కష్టపడుతోందని, బిడ్డ మొహం చిన్నబోతుందని, రాణి అన్నట్టే అన్నాడా? అట్లా అయితే బాగుండు. అట్లా అయితే లోపల ఆయనకు అంతా తెలిసే ఉంటుంది, తను కొత్తగా భయపెట్టాల్సింది ఏమీ ఉండదు, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆడిన ఆట ఆపేస్తే చాలు. ఆ ఆశతో ఆమె చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి లేచింది.

లేచిందే గానీ కాళ్లు ఆస్పత్రి వైపు తిరగలేదు, గురువారం కావడంతో దర్గా సందు కిటకిటలాడుతోంది, గులాబీల బుట్టలు, ఊదు పొగ, చాదర్లు. గేటు పక్కన తెల్లగడ్డం ఆయన నెమలీకల కుంచె పట్టుకొని ఒక బుర్ఖా ఆవిడ చంకలోని బిడ్డ తల మీద నుంచి వీపు మీదికి దువ్వుతున్నాడు, ఒకసారి, రెండోసారి, ఏదో చదువుతూ ఉఫ్ అని ఊదాడు, గుక్కపట్టిన పిల్ల టక్కున ఆగి ఈకల్ని పట్టుకోబోయింది. తల్లి మొహం విప్పారింది. వనిత చెప్పుల కుప్ప పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంటుంది. ఇంటికి పోగానే మందు పట్టిస్తావా అమ్మా అని అడగాలనిపించింది, అడగలేదు, అడగడానికి తనెవరు? ఇక్కడైనా ఆయన దువ్వుతాడు, మందు తల్లి పట్టిస్తుంది. తను దువ్వింది, మందుకు అడ్డం పడింది. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు, ఆ గొయ్యి తవ్విందీ తనే. జేబులో ఫోన్ అదిరింది, జెర్లిన్, తాతకు చలిజ్వరం మళ్ళా ఎక్కింది మేడం, సార్ మీ కోసం అడుగుతున్నడు. వస్తున్నా అన్నది. వెనక్కి తిరిగి నడుస్తూ మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టింది. నాయినా, కాలు కొంచెం ఇబ్బంది పెడుతున్నది. ఛ. నాయినా, డాక్టర్లు ఏమనుకుంటున్నారంటే. ఛ, ఇది ఎవరికి? నోరు అలవాటు పడిపోయింది, ఏ మాట ఎత్తుకున్నా మధ్యలో మెత్తబడి జారిపోతోంది, ఎన్నో ఏళ్లుగా ఆ నోటికి వద్దు వద్దు అని నేర్పిన మాటలే ఇవాళ కావాలి, ఒక్కటీ రావడం లేదు. మెట్రో స్తంభం దగ్గర నిలబడి పైకే అన్నది. చచ్చిపోతవు నాయినా. జామకాయలు కోసి ఉప్పూకారం రాస్తున్న ఆడమనిషి తలెత్తి చూసింది, ఏమైంది బిడ్డా అని అడిగింది. ఏం లేదమ్మా అని వనిత ముందుకు నడిచింది.

వార్డులో నాయిన రెండు దుప్పట్లు కప్పుకొని ఉన్నాడు. ఆమెను చూసి చెయ్యి చాపాడు, ఏడికి పోయినవు, అన్నం తిన్నవా అని అడిగాడు, గడ్డం సన్నగా వణుకుతోంది, కళ్లు మెరుస్తున్నాయి, జ్వరపు మెరుపు. కూచుంటే మళ్లీ మొన్నటిలా అయిపోతుందని భయమేసి ఆమె నిలబడే ఉంది.

"నాయినా, దిగలే. ఒక్కనాడు గూడ దిగలే."

ఏంది అన్నాడు, విననట్టు. ఆమె దుప్పటి తీసింది, ఆయన మెడ కింద చెయ్యి పెట్టి లేపి కూచోబెట్టింది, చూడు అన్నది. నీలం గీత కింద ఎక్కడో ఉండిపోయింది, దాని పైన ఎర్రగా, బిగిసి, నిగనిగలాడుతూ మోకాలు అంచు దాకా. సారు కట్టిన కట్టు కాదు నాయినా అది, ఎంత పెరిగిందో చూసుకునేటందుకు గీసిన గీత, దాటి పోయింది, ఇంకా పోతున్నది. ఆమె గొంతు తనకే కొత్తగా వినబడింది, గరుకుగా, బజారు గొంతులా. బాలమల్లు గీతను చూశాడు, ఎరుపును చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే. మొన్నటి సంది ఎరుకే."

"తియ్యకుంటే?"

"చచ్చిపోతవు."

అప్పుడు వచ్చింది ఆ మొహంలోకి, కాలి వేళ్లను చూసిన నాడు వచ్చిందే, అంతకంటే ఎక్కువే, కళ్ల కిందనుంచి మొదలై పెదవుల దాకా పాకి నోరు తెరుచుకుంది, చెయ్యి మంచం కమ్మి కోసం తడుముకుంది. వనిత చూస్తూ నిలబడింది. హోటల్లో పట్టుకున్న ఆశ అక్కడే పోయింది. తెలిసినవాడి మొహం అట్లా మారదు. ఆయన ఆట ఆడలేదు, రాణిలా అనలేదు, ఊరంతా దులిపి చివరికి చేతులెత్తేసిన మనిషి, ఇంత తెలిసిన మనిషి, బిడ్డ చెప్పిందని చిన్నపిల్లాడిలా నమ్మాడు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంచెం సేపు కమ్మిని పట్టుకొని ఊగి, ఏడ వెయ్యాల్నో సూపియ్యి అన్నాడు, సిరా రాసిన బొటనవేలు కాగితం మీద ఆనలేదు, జెర్లిన్ పట్టుకొని ఆనించాల్సి వచ్చింది. స్ట్రెచర్ మీద పోతుంటే లిఫ్టులోనూ కళ్లు మూయలేదు.

గుండె అంత బాగా లేదు కాబట్టి పూర్తి మత్తు వద్దనుకున్నారు, నడుములో సూదే. సొంత తండ్రికి తనే వేయకూడదని వనిత వేయలేదు, శ్యామ్‌సుందర్‌ను పిలిపించారు, తన తోటి డాక్టరు. ఆయన సూది పట్టుకొని నాయిన వెనక నిలబడ్డాడు. మనిషిని కూచోబెట్టి, ముందుకు వంచి, కదలకుండా భుజాలు ఎవరో ఒకరు పట్టుకోవాలి, ఆ భుజాలు నేను పట్టుకుంటానన్నది వనిత. నాయిన నుదురు ఆమె భుజానికి ఆనింది, గౌను మీదినుంచే వేడి తగిలింది. ఒళ్లంతా వణుకుతోంది, ఎముకల్లోంచి వస్తున్న వణుకు, వెనక సూది పట్టుకున్నవాడికి ఇట్లా అయితే కష్టం. ఆమె ఆయన చెవి దగ్గరకు వంగింది, మాస్కులోంచే, ఎప్పటి గొంతుతో, నాయినా అని మొదలుపెట్టింది.

"నువ్వు మాట్లాడకు బిడ్డా" అన్నాడు బాలమల్లు. కోపం లేదు, అడుగుతున్నట్టే అన్నాడు. "ఆ పిల్లను మాట్లాడమను."

జెర్లిన్ బిత్తరపోయి వనిత వైపు చూసింది. వనిత తలూపింది. ఏం మాట్లాడాలో తోచక ఆ పిల్ల మెదక్ బస్సు సంగతి ఎత్తుకుంది, తాతా, మా ఊరి బస్సుల గీ నడుమ సీట్లు దొరుకుతలేవు తాతా, మొన్నొచ్చేటప్పుడు నిలబడే వచ్చిన అని, తడబడుతూ, అటూ ఇటూ పోతూ. ఔనా అన్నాడు నాయిన. నర్సాపూర్ కాడ ఒక ముసలామె కోడిని పట్టుకొని ఎక్కింది తాతా. ఔనా. వణుకు తగ్గలేదు, ఒక పూచికంత తగ్గిందేమో. ఆయన ఊపిరి ఎక్కడ తెగుతున్నదో వనితకు భుజం మీద తెలుస్తోంది, ఏ ఊపిరి చివర ఏ మాట ఆనించాలో, ఎంత మెల్లగా ఆనించాలో తెలుసు, ఆ మాట నాలుక మీదే ఉంది. రెడీ అన్నాడు వెనకనుంచి శ్యామ్‌సుందర్. జెర్లిన్ కోడి గురించి చెప్తూనే ఉంది. సూది దిగినప్పుడు నాయిన ఒక్కసారి ఎగిరిపడ్డాడు, అమ్మా అన్నాడు. వనిత భుజాలు ఇంకా గట్టిగా పట్టుకుంది, నోరు విప్పలేదు.